ఒక్క ఊపిరిలో ఒక తిట్టు

మా ఆవిడ నోటికి నేను భయపడతానని వీధి వీధంతా ఎరుగును. మాది పైపుల కొట్టు. నేను బిగింపు పనులకి వెళ్తే కొట్టు ఆవిడే చూసుకుంటుంది. పానా మర్చిపోయి బయల్దేరానంటే చాలు, నేను మలుపు తిరిగేదాకా మధ్యలో ఊపిరి తీసుకోకుండా తిట్టేది. అలాంటి మనిషి ఈమధ్య "నీకసలు..." అని ఆగిపోయి, గోడ పట్టుకుని రొప్పడం మొదలుపెట్టింది. మొదట్లో హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఆ నిశ్శబ్దానికి నాకు ముద్ద దిగలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్తే, చేతికి పట్టీ కట్టి చూశారు, బీపీ భేషుగ్గా ఉంది. గుండెకి స్కాను తీస్తే అసలు సంగతి బయటపడింది. రక్తపోటు ఉన్నది ఊపిరితిత్తుల నాళాల్లోనట. వాటిలోకి రక్తం తోసి తోసి గుండె కుడివైపు అలిసిపోతోందట. ఇలాగే వదిలేస్తే మనిషి దక్కడం కష్టమన్నారు.

పైపూ, పోటూ అంటే నాకొచ్చిన విద్యే కదా. "లోపలేదో అడ్డం పడుంటుంది మేడమ్, తీసేయండి," అన్నాను డాక్టరమ్మతో. డాక్టరమ్మ నవ్వి, మా ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూడసాగింది. నాకు ఒళ్లు మండింది. ఊపిరాడట్లేదు మొర్రో అంటే వేళ్లు చూస్తుందేమిటి?

"చన్నీళ్లలో పెడితే తెల్లబడతాయామ్మా?"

"సున్నం కొట్టినట్టు... అవుతాయండి. పొద్దున్నే... ముడుచుకోవు," అంది మా ఆవిడ ఆగి ఆగి.

"అది ఎప్పట్నుంచో ఉన్నదే మేడమ్. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఉందనే నా అనుమానం. లోపల అడ్డమేం లేదు, చూశాం. నాళం గోడే మందమెక్కింది. రోగాలతో పోరాడే కణాలు ఒంట్లో ఉంటాయి కదా, ఈమెకి అవి దారితప్పి సొంత కీళ్ల మీదా, నాళాల మీదా పడుతున్నట్టున్నాయి. రక్తం పరీక్షిస్తే తెలుస్తుంది."

"అంటే కంచే చేను మేస్తోందంటారు."

"అంతే. ఈ జబ్బున్న అందరికీ ఇదే కారణం కాదు. ఈమెకి ఇదే అయితే, నాళాలు తెరిచే మందుతో పాటు ఆ కంచెనీ అదుపులో పెట్టాలి."

పరీక్షలో డాక్టరమ్మ మాటే నిలబడింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకాన్ని, అయినా ఆరోజు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. ఊపిరితిత్తుల జబ్బుని వేళ్లలో పట్టిన మనిషికి కాక ఇంకెవరికి పెడతాం?

మందులు నెమ్మదిగా పనిచేశాయి. వాంతులూ, జ్వరాలూ, మళ్లీ ఆసుపత్రీ, అన్నీ పడింది మా ఆవిడ. జబ్బు పూర్తిగా పోదనీ, మందులు ఆపకూడదనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. మా ఆవిడ ఒక్కరోజూ మానేస్తాననలేదు. మొండితనంలో నన్ను మించిపోయింది, అందుకు నాకెంత గర్వమో.

మొన్న మా డాబా మీద ట్యాంకు పైపు మారుస్తూ వాల్వు కట్టేయడం మర్చిపోయాను. కింద కొట్టంతా నీళ్లు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మధ్యలో ఆగింది. నా గుండె కూడా ఆగినంత పనైంది. మళ్లీ మొదలైంది. మా ఆవిడ తలుపు తోసుకొచ్చి, నడుం మీద చెయ్యేసుకుని అందుకుంది.

"నీకసలు బుర్రుందా, ఊళ్లో అందరి కొంపలూ బాగుచేసి మన కొంప ముంచుతావా, ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తూ వాల్వు కట్టాలని తెలీదా, పైగా గుడ్లప్పగించి చూస్తావేం, కదులు, కింద పెట్టెలన్నీ తేలుతున్నాయి..."

ఎక్కడా ఆగలేదు. వాల్వు పక్కనే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. ఆ తిట్టు పూర్తయ్యేదాకా కట్టలేదు. పానా పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నిలబడి విన్నాను.