రొయ్యల ముందు రెండు ఫోన్లు

లక్ష్మీదుర్గ ఫోను చెరువులో పడింది. పోను పోను లోతుకే పోయిన ఆ ఫోను కోసం భర్త అబ్బాయిరాజు వల వేశాడుగానీ, పడినవన్నీ రొయ్యలే. సెల్లుకి కాలం చెల్లింది.

ఆవిడకి ఫోనంటే కబుర్లు కాదు, పరువు. కలిదిండిలో రొయ్యలు పట్టే ముందు ప్రతి రైతూ నాలుగింటిని ట్రేలో పరిచి, ఫొటో తీసి, ఆకివీడులో రొయ్యలు కొనే సత్యనారాయణమూర్తిగారికి పంపుతాడు. ఆయన ఫొటో చూస్తారు, నమ్మరు. మనిషిని పంపుతారు. ఆ మనిషి వచ్చి తల చూసి, తోక చూసి సరేనంటేనే ఐసు లారీ కదులుతుంది. ఒక్క లక్ష్మీదుర్గ ఫొటో చేరితే మాత్రం మనిషి రాడు, నేరుగా లారీయే వస్తుంది. చుట్టుపక్కల గట్లమీద ఆ మర్యాద ఇంకెవరికీ లేదు. మెడలో గొలుసైనా అప్పుడప్పుడు బీరువాలో పెడుతుందిగానీ, ఈ మర్యాదని ఒంటిమీంచి తియ్యదు.

రేపే చెరువులో రొయ్యల పట్టుబడి. అందుకే ఇద్దరూ ఏలూరొచ్చి, రూబెన్ ఫోన్ల షాపులో కూర్చున్నారు.

వారం నుంచీ స్పెక్స్ చదివీ చదివీ అబ్బాయిరాజు కళ్లకి స్పెక్స్ వచ్చేలా ఉన్నాయి. బల్లమీద రెండు ఫోన్లు కవలల్లా పడుకున్నాయి. అదే బ్యాటరీ, అదే సైజు, అదే ధర. రాముడికీ లక్ష్మణుడికీ అయినా తేడా చెప్పొచ్చుగానీ, ఈ రెండింటి ర్యాములకీ తేడా లేదు. ఉన్న తేడా ఒక్కటే: నల్ల ఫోను కెమెరాకి నీలం ఫోనుకన్నా రెట్టింపు మెగాపిక్సెళ్లు. ఇంకా ఆలోచించేదేముందని అబ్బాయిరాజు అప్పటికే నల్లదానికి కవరు ఏరుతున్నాడు.

లక్ష్మీదుర్గ సంచిలోంచి క్యారేజీ తీసింది. మూత తియ్యగానే షాపులో ఏసీ గాలి కాస్తా కొల్లేరు గాలైపోయింది. ఐసుమీద అయిదారు రొయ్యలు. పక్కన చార్జరు కొంటున్నాయన చార్జీ కూడా అడక్కుండా బయటికి నడిచాడు. రూబెన్ మాత్రం పెద్దమనిషి, ముక్కు మూసుకోకుండా నోరు మూసుకున్నాడు.

ఆవిడ తడిచేత్తో రెండు తెరలూ తట్టింది. రెండూ పలికాయి. ఎండలోకి తీసుకెళ్లి చూసింది. రెండూ కనపడ్డాయి. అప్పుడు రొయ్యల్ని వరసగా పరిచి, రెండింటితోనూ ఫొటో తీసింది. వాటిలో ఒకదాని తోక తెల్లగా పాలిపోయి ఉంది. కావాలనే ఏరి తెచ్చింది.

నల్లఫోను ఫొటోలో రొయ్యలన్నీ పెళ్లికూతుళ్లే. పాలిపోయిన తోకకి కూడా అదే బుగ్గరంగు పూసేసింది. నీలం ఫొటోలో ఉన్నది ఉన్నట్టుంది, తోక పాలిపోయే ఉంది.

అబ్బాయిరాజు మొహం వెలిగింది. ఈ నల్లదుంటే జబ్బు రొయ్య కూడా జబ్బ చరుస్తుందనీ, రేటు ఇంకాస్త లాగొచ్చనీ పెళ్లాం చెవిలో ఊదాడు.

"ఏవండీ, నా ఫొటో చూసి మూర్తిగారు మనిషిని పంపరు," అంది లక్ష్మీదుర్గ నెమ్మదిగా. "మనిషిని రప్పించే ఫోను నాకొద్దండీ."

"మెగాపిక్సెళ్లు సగమే దుర్గా దానికి."

"పోనివ్వండి. సగం తీసినా నిజమే తీస్తోంది."

రూబెన్ నీలంది బిల్లు వేశాడు.

మర్నాడు పొద్దున్నే గట్టుమీద విసురువల వేసి, ట్రేలో పరిచి, కొత్త ఫోనుతో ఫొటో పంపింది. తోక పాలిపోయినవి రెండు కనిపిస్తే వాటినీ పక్కకి నెట్టలేదు. పంపాక మాత్రం తెరవంకే చూస్తూ కూర్చుంది. కొత్త ఫోను, కొత్త కళ్లు. మూర్తిగారు ఏమనుకుంటారో. అబ్బాయిరాజు గట్టు చివర నిలబడి, మోటారుసైకిలు మీద వచ్చే మనిషి కోసం చూస్తున్నాడు.

ఫోను మోగింది.

"అమ్మా, ఆ పాలిపోయినవి రెండూ ఏరి అవతల పెట్టించండి," అన్నారు మూర్తిగారు. "లారీ బయల్దేరిందండీ."

మనిషి రాలేదు. ఐసు లారీయే వచ్చింది. ఎదురు గట్టుమీద పక్క చెరువు అచ్చాయమ్మ, వాళ్లాయన కళ్లకి చేతులు అడ్డంపెట్టుకుని చూస్తున్నారు. అబ్బాయిరాజు లారీకి ఎదురెళ్లి, డ్రైవరు అడక్కపోయినా, వాళ్లకి వినపడేంత గొంతుతో చెప్పాడు:

"మా ఆవిడ తీసిన ఫొటో అండీ!"

లక్ష్మీదుర్గ వెనక్కి తిరిగి చూడలేదు. ఫోను నడుముకి దోపుకుని, తలెత్తి, లారీకి దారి చూపిస్తూ గట్టుమీద ముందు నడిచింది.