అరచేత్తో తోసిన చక్రం

చెక్క సుత్తితో టైరు మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి దగ్గరగా వంచి విన్నాడు గాలి మామయ్య. సరిపోయినట్టే. ముప్పై ఏళ్ళుగా కార్ల టైర్లకు గాలి కొట్టీ కొట్టీ ఆయన పేరే అలా స్థిరపడింది. కొట్టు యజమాని సొంత మేనల్లుడు. వాడు మామయ్యా అంటాడు కాబట్టి వచ్చేవాళ్ళంతా అలాగే పిలుస్తారు.

పొట్టి మనిషి. బరువులెత్తి కుడి భుజం కాస్త కిందికి జారింది. గోళ్ళలో నలుపు ఏ సబ్బుకీ వదల్లేదు. కూతురి పెళ్ళి ఫోటోలో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఇన్ని కార్లకు టైర్లు వేసినవాడు ఇప్పటికీ వచ్చేది సైకిలు మీదే.

ఆ పొద్దున మేనల్లుడు ముఖం చూడకుండానే చెప్పాడు. "వచ్చినవాళ్ళని ఊరికే పంపించేస్తున్నావు మామయ్యా. ఇవాళ ఒక్క సెట్టయినా అమ్మకపోతే రేపట్నుంచి ఇంటి పట్టునే ఉండు."

మామయ్య తలూపి, పనిలో పడ్డాడు. ఈ కొట్టు తప్ప ఆయనకు మరో చోటు తెలియదు.

పదకొండు గంటలకు ఒక టీచరమ్మ కారు వచ్చి ఆగింది. మామయ్య చేతులు టైరు ఎక్కించే సబ్బునీళ్ళతో తడిగా ఉన్నాయి.

"నాలుగూ మార్చేయండి. పెట్రోలు మంచినీళ్ళలా తాగుతోంది. బడికి పోను నలభై కిలోమీటర్లు, రాను నలభై. తక్కువ తాగే టైర్లు ఉంటాయటగా?"

"ఉంటాయమ్మా," అంటూ గొంతుక్కూర్చుని టైరు గాడిలో గోరు దించాడు. గోరు బాగానే దిగింది. మీటరు పెట్టి చూస్తే నాలుగింటిలోనూ గాలి తక్కువ.

"గాలి ఎవరు తీయించారు?"

"మా ఆయనే. గతుకుల్లో మెత్తగా పోతుందని."

"పరుపు మీద ఒకసారి పరిగెత్తి చూడమనండి ఆయన్ని. కారు కష్టం తెలుస్తుంది."

టీచరమ్మ నవ్వింది. "అయినా కొత్తవి వేస్తే ఇంకా మంచిదేగా?"

మూల రెండు చక్రాలుంటాయి. ఎవరికైనా చెప్పి ఒప్పించలేనప్పుడు మామయ్య వాటిని బయటికి తీస్తాడు. ముందు వెడల్పుదాన్ని అరచేత్తో ఒక్క తోపు తోశాడు. అది సగం దూరం పోయి, బద్ధకంగా పక్కకు ఒరిగిపోయింది. సన్నదాన్నీ అంతే బలంతో తోశాడు. అది నిదానంగా దొర్లుకుంటూ పోయి, అవతలి గోడకు ఆనుకుని నిలబడింది.

"వెడల్పుది అందంగా ఉంటుందమ్మా, కానీ ఇంజను ఈడ్చుకుపోవాలి. మార్చే రోజు వస్తే కారుతో వచ్చిన కొలతే అడగండి. అందులో తేలిగ్గా దొర్లే రకం."

"ఆ రోజు దాకా ఎందుకు, ఇప్పుడే వేసేయండి."

అద్దాల గదిలో మేనల్లుడు లేచి నిలబడ్డాడు. సరేనమ్మా అనే మాట మామయ్య నాలుక చివరిదాకా వచ్చింది. కిందికి చూశాడు. టైరు గాడులు ఇంకా లోతుగా ఉన్నాయి.

"ఇవి ఇంకో ఏడాది నడుస్తాయి," అన్నాడు. "నెలకోసారి పొద్దున్నే, టైరు వేడెక్కకముందు గాలి చూపించుకోండి. చాలు."

గాలి కొట్టి పంపించేశాడు.

మేనల్లుడు బయటికొచ్చాడు. "నోటి దగ్గరికొచ్చింది తోసేశావు కదా. నువ్వసలు కొట్టు పక్షమా, వాళ్ళ పక్షమా?"

"టైరు పక్షంరా," అన్నాడు మామయ్య.

సాయంత్రం దాకా ఇంకో ఆరు కార్లొచ్చాయి. అన్నీ పంక్చర్లే. అన్నీ వేశాడు. ఆరు గంటలకు చేతులు కడుక్కుని, మీటరును మేకుకు తగిలించి, సుత్తిని తుడిచి దాని చోట పెట్టాడు.

"వెళ్తాన్రా," అన్నాడు. ఏ రోజైనా వెళ్ళొస్తానురా అనే మనిషి. ఫోనులో మాట్లాడుతున్న మేనల్లుడు చెయ్యి ఊపాడు.

మర్నాడు, మామయ్య రోజూ ఆనించే కరెంటు స్తంభం దగ్గర సైకిలు లేదు. కోపంలో తనన్న మాట పట్టుకుని కూర్చోడులే అనుకుంటూ మేనల్లుడు పదకొండు దాకా చూశాడు. తర్వాత తనే చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టాడు. పక్కకు ఒరిగి పడున్న వెడల్పు చక్రాన్ని లేపి మూలకు చేర్చాడు. రెండోదాని దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు.

సన్న చక్రం నిన్న ఆగిన చోటే గోడకు ఆనుకుని ఉంది. నల్లటి రబ్బరు మీద ఎండిన సబ్బు తెల్లగా, అరచేయీ అయిదు వేళ్ళూ.