మినర్వా పొగపెట్టె

మంచుసీమలో సముద్రపొడ్డున ఉన్న హూనా ఊళ్లో మినర్వా నోటికి జడిసి కుక్కలు కూడా ఆవిడ వాకిట్లో మొరగవు. అలాంటి మనిషి గురువారం పొద్దున్న, ఉప్పునీళ్లలో ఊరిన సాల్మన్ ముక్కల ముందు బిక్కమొహం వేసుకుని కూర్చుంది. శనివారం తమ్ముడు సైరస్‌కి నలభయ్యో రోజు. వాడికి గొయ్యి తవ్వినవాళ్లనీ, శవపేటిక మోసినవాళ్లనీ పేరుపేరునా పిలిచి, అందరి ఎదుటా పొగపట్టించిన చేప చేతిలో పెట్టాలి. ఊళ్లో ఉన్నవి రెండే వంశాలు; వాళ్లంతా గద్ద వైపు వాళ్లు, మినర్వాది కాకి వైపు. అవతలి వైపు చేసిన చాకిరీకి ఇవతలి వైపు అలా దణ్ణం పెట్టుకోకపోతే పోయినవాడికే తలవంపులు.

చేపలకి పొగపట్టించే పొగగుడిసె చలికాలం మంచు బరువుకి కూలిపోయింది. అందుకని గద్ద వైపు వాడు, వరసకి బావ అయిన ఎల్వుడ్ దగ్గర పాత కరెంటు పొగపెట్టె కొంది. ఎర్రదీపం వెలుగుతోంది, పెట్టె మాత్రం వేడెక్కదు. ప్లగ్గు మార్చింది, వైరు మార్చింది, పెట్టె నెత్తిన ఒక మొట్టికాయ కూడా వేసింది. చివరికి పడవల రేడియో అందుకుంది. అందులో మాట్లాడితే ఊరంతా వింటుంది.

"ఎల్వుడ్ బావా! పొగపెట్టె అని చెప్పి ఐసుపెట్టె అంటగట్టావా? చచ్చినవాడి కార్యానికి కూడా మోసమేనా?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. పూడ్చిన రోజు ఆ వానలో, ఆ బురదలో సైరస్ గొయ్యికి మొదటి పార దించినవాడు ఎల్వుడే.

పది నిమిషాల్లో వచ్చాడు. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి, ఆవేళ పలకరించనైనా లేదు. మీటరు పెట్టి వేడిచేసే కడ్డీ చూశాడు, బాగానే ఉంది. వెనక రేకు విప్పి వైర్లన్నీ బిగించాడు. తలుపు మూసి కాసేపు చూశాడు. పెట్టె వేడెక్కింది.

"అయింది" అని మెట్లు దిగాడు. రోడ్డెక్కాడో లేదో వెనక నుంచి కేక.

"మళ్లీ చల్లబడింది!"

ఈసారి అతను పెట్టె ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇందాక నువ్వేం చేశావో మళ్లీ చెయ్యి."

మినర్వా ముక్కలు సర్దింది, తలుపు వేసింది, సందులో పొగకి కాల్చే ఆల్డరు చెట్టు పుల్ల, వేలెడు లావుది, దూర్చింది.

"అదెందుకు?"

"పొగకి ఊపిరాడొద్దూ? మా అమ్మమ్మ నాటి నుంచీ పొగగుడిసె తలుపు వేలెడు తీసే ఉంచుతాం. నాకు నేర్పొచ్చావా?"

"అది గుడిసె. ఇది పెట్టె. తలుపు తెరుచుకుంటే వేడి ఆపేసే బొత్తాం ఉంది దీనికి. పొగ పోవడానికి పైన చిల్లుంది చూడు."

పుల్ల లాగి తలుపు మూశాడు. కాసేపటికి ముక్కల నుంచి కారిన ఉప్పునీరు కడ్డీ మీద చిటపటలాడింది. మినర్వాకి తల కొట్టేసినట్టయింది.

"బావా, టీ తాగి..."

"పనుంది" అని వెళ్లిపోయాడు.

చేపలు ఎర్రగా, నిగనిగలాడుతూ తయారయ్యాయి గానీ రెండు రోజులూ ఆవిడకి ముద్ద దిగలేదు. అతను రాకపోతే? గొయ్యి తవ్విన మనిషే రాని కార్యం ఏం కార్యం?

శనివారం ఊరి హాల్లో కార్యానికి ఎల్వుడ్ వచ్చాడు. చివరి వరసలో కూర్చున్నాడు. పోయినవాడికి చేరాలని సైరస్ వంతు చేప నిప్పుల్లో వేసి, మినర్వా అందరి వైపూ తిరిగింది.

"గురువారం రేడియోలో నేనన్న మాట అందరూ విన్నారు. ఇదీ వినండి. మోసం లేదు, పెట్టె మంచిదే. వాడటం రాని దద్దమ్మని నేను. నా తమ్ముడికి మొదటి పార మట్టి తీసిన చెయ్యి ఎల్వుడ్‌ది. మొదటి చేప కూడా అతనిదే. నీ రుణం తీరేది కాదు బావా. గునల్‌చీష్."

వాళ్ల భాషలో కృతజ్ఞత చెప్పే మాట అది. ఎల్వుడ్ మెల్లగా వచ్చి, చేప అందుకుని, వాసన చూశాడు.

"ఒకటేనా, మరదలు పిల్లా? గొయ్యికి ఇది సరే. మరి తిట్లకో?"

అందరూ గొల్లుమన్నారు. మినర్వా కూడా నవ్వింది. నవ్వుతూనే రెండో చేప అందుకోబోయింది, నలభై రోజులుగా బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

ఏడ్చేవాళ్లని పట్టుకోవడం అవతలి వైపు వాళ్ల పని. ఎల్వుడ్ చేప బల్ల మీద పెట్టేసి, ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి, ఏడుపు తీరేదాకా అలాగే నిలబడ్డాడు.