తప్పు చెప్పి ఇచ్చిన పిల్ల

ఉదయం ఆరు గంటలకు కుక్కపిల్ల పాలు ముట్టలేదు.

సోములు గిన్నెను దాని మూతి దగ్గరికి జరిపాడు. పిల్ల తల పక్కకు తిప్పుకుంది. అతను వేలు పాలలో ముంచి నాలుకకు రాశాడు. పాలు మూతి పక్కనుంచి కారి గోనెపట్టా మీద పడ్డాయి. ముక్కు ఎండి ఉంది. కళ్ళ మూలల్లో పుసి కట్టింది. వెనక కాలు ఒకటి ఉండుండి అదురుతోంది. పశువుల డాక్టరు శనివారం సూది వేసి, “చూద్దాం” అన్నాడు. 

పిల్ల మెడలో ఎర్ర పట్టీ ఉంది. సోములు శ్రీకాకుళంలో కోర్టు బంట్రోతు. భుజం మీదుగా వేసుకునే ఇత్తడి బిళ్ళ పట్టీ అరిగిపోతే ఆ ఏడు కొత్తది ఇచ్చారు. పాతదాని చివర కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, పిల్ల మెడకు కట్టాడు. పెరుగుతుంది కదా అని పట్టీ పొడుగునా రంధ్రాలు పొడిచాడు. ఇప్పుడు మొదటి రంధ్రంలో పెట్టినా వదులుగానే ఉంది.

గోడ అవతల నూకయ్య కుక్కపిల్ల మొరిగింది. అది ఈ పిల్లకు తోడబుట్టినది. ఒకే ఈతలో పుట్టి, ఒకే రోజు ఒకే సైకిలు మీద ఈ వీధికి వచ్చాయి.

“బలే అరుస్తన్నాదే గుంట!” అంది అతని భార్య దేముడమ్మ పొయ్యి దగ్గరనుంచి.

“అరవనీ. మొరిగే కుక్క కరవదంతారు.”

“కరవకపోతే మానీ. బతికున్నాది కదా.”

సోములు గిన్నె తీసి మెట్టు మీద పెట్టాడు. మేకుకు తగిలించిన బిళ్ళ పట్టీ తీసి చింతపండుతో బిళ్ళ తోమాడు. రోజూ చేసే పనే. ఆ రోజు కొంచెం ఎక్కువసేపు తోమాడు.

నూకయ్య దేముడమ్మకు దూరపు వరసన తమ్ముడు. పొందూరు దగ్గర పల్లెలో ఖాళీగా తిరుగుతుంటే సోములే పట్నం తీసుకొచ్చాడు. శిరస్తాదారు కాళ్ళావేళ్ళా పడి కోర్టులో పెట్టించాడు. బిళ్ళ ఎటు తిప్పి పెట్టుకోవాలో, జడ్జిగారు బెంచీ ఎక్కేటప్పుడు ఎంత దూరంలో నిలబడాలో నేర్పాడు. నాలుగేళ్ళు తిరక్కుండా నూకయ్యను జడ్జిగారి బంగళాకు తీసుకున్నారు. తరవాత బంట్రోతులందరి మీదా దఫేదారును చేశారు. అతని పట్టీకి ఇప్పుడు జరీ అంచు ఉంది. సోములు కోర్టు హాలు గుమ్మంలోనే ఉండిపోయాడు.

గుమ్మంలో అతని పని పేర్లు పిలవడం. వాదినీ, ప్రతివాదినీ, సాక్షినీ మూడేసి సార్లు పిలవాలి. మూడోసారికి పలక్కపోతే రాలేదని లెక్క. ఆ గొంతు రోడ్డు దాటి కాఫీ హోటలు దాకా వినిపించేది. ఉద్యోగంలో చేరిన దగ్గరనుంచీ అతను తన పేరు తప్ప ఊళ్ళో అందరి పేర్లూ పిలిచాడు.

రెండు ఇళ్ళకూ ఒకటే గోడ. నూకయ్య పెంకు వేయించిన ఏడు సోములు తాటాకు మార్చాడు. నూకయ్య సైకిలు కొన్నాక సోములు నడకే ఒంటికి మంచిదని చెప్పడం మొదలుపెట్టాడు. ములగచెట్టు సోములు పెరట్లోదే. కొమ్మలు గోడ దాటి అటే కాశాయి. దేముడమ్మ నవ్వింది. సోములు కత్తి తీసుకెళ్ళి ఆ కొమ్మలు నరికాడు. మరుసటి ఏడు చెట్టు ఎటూ కాయలేదు.

ఆమదాలవలసలో రిటైరైన రైలు గార్డు జ్ఞానానందం గారి పెద్దజాతి కుక్క ఈనిందనీ, ఆదివారం వెళ్ళి ఒక పిల్లను కొనుక్కుంటాననీ నూకయ్య గోడ మీదనుంచి చెప్పాడు. ఆ మాట వినేదాకా సోములుకు కుక్క కావాలని లేదు.

“నానూ వస్తాను. నాకూ ఒకటి కావాల,” అన్నాడు.

ఇంట్లోంచి దేముడమ్మ తొంగి చూసింది.

---

పిల్ల పాలు ముట్టని ఆ సోమవారం సోములు మధ్యాహ్నం దాకా పేర్లు పిలిచాడు. జడ్జిగారు భోజనానికి లేచాక వరండాలో ప్లీడరు నరసింగరావు గారి బల్ల దగ్గర నిలబడ్డాడు. ప్లీడరు చుట్ట కాలుస్తున్నాడు.

“ఏమిటి సోములూ?”

“ఒకడు కుక్కపిల్లని కొన్నాడండి. ఇంటికొచ్చినకాడినించీ తిండి నేదు. అమ్మినోడు ఎనక్కి తీసుకోవాలా, నేదా?”

“ఆ ఒకడు నువ్వేనా?”

“నానేనండి.”

ప్లీడరు నవ్వాడు. “మీ సంతలో ఎద్దును అమ్మితే ఏం చేస్తారు?”

“పలుపు సేతికిచ్చే ముందల తప్పు సెప్తారండి. కుంటుతాదనో, కుమ్ముతాదనో. సెప్పి పలుపిస్తే అది కొన్నోడి కరమ. సెప్పకుండా ఇస్తే మళ్ళీ సంతకి పశువు ఎనక్కొచ్చెస్తాది.”

“చట్టం కూడా ఇంచుమించు అంతే. కొనేవాడు కళ్ళు తెరుచుకుని కొనుక్కోవాలి. కానీ అమ్మేవాడు రోగం తెలిసి దాచాడనుకో, లేదా లక్షణంగా ఉందని నోటితో అన్నాడనుకో, వాడు తప్పించుకోలేడు. సొమ్మైనా ఇవ్వాలి, ఇంకో పిల్లనైనా ఇవ్వాలి. నీకు తప్పు చెప్పాడా?”

సోములు చూపు బల్ల మీదికి దించాడు.

“సెప్పనేదండి.”

“సాక్షి ఎవరైనా ఉన్నారా?”

“నూకయ్య ఉన్నాడండి.”

“దఫేదారా? ఇంకేం! దావా ఎందుకూ, నోటీసు ఎందుకూ. అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళు. దఫేదారు ఒక్క మాటంటే చాలు.”

ప్లీడరు చుట్ట నోట్లో పెట్టుకున్నాడు. సోములు దణ్ణం పెట్టి వచ్చేశాడు.

నూకయ్య సైకిళ్ళ పాక దగ్గర బీడీ వెలిగిస్తున్నాడు. సోములు వెళ్ళి పక్కన నిలబడ్డాడు. అడగడానికి వచ్చి అడగలేదు. నూకయ్యే అడిగాడు.

“పిల్ల ఎలగున్నాది బావా?”

“అలగే ఉన్నాది. గార్డుగారు ఇంకో పిల్లని ఇవ్వాలని పిలీడరుగారు అంతన్నారు. ఆయన తప్పు సెప్పకుండా ఇచ్చినాడని నువ్వు సాచ్చికం సెప్పాల.”

నూకయ్య బీడీ పొగ వదిలాడు. సోములు ముఖంలోకి చూడలేదు.

“సెప్తాను. ఏటీ సెప్పనేదనే సెప్తాను.” బీడీ నుసి దులిపి, “ఆయాల నీకు ఇనిపించనేదేమోలే,” అన్నాడు.

సోములు గుమ్మంలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా పిలిచిన పేర్లలో ఒకటి తప్పు పిలిచాడు. గుమాస్తా తల ఎత్తి చూశాడు.

వినిపించకపోవడం కాదు. వారం కిందట, ఆ ఆదివారం గార్డుగారి వరండాలో గంప కింద మూడు పిల్లలున్నాయి. ఒకటి ఆయన ఉంచుకున్నది. మిగిలిన రెండింటిలో ఒకటి పెద్ద పొట్టతో లావుగా ఉంది. రెండోది బక్కది, ఒక చెవి వాలిపోయి ఉంది. నూకయ్య లావుదాని మీద చెయ్యి వేశాడు.

“దాన్ని ఇవ్వను దఫేదారూ,” అన్నాడు గార్డు. “అది నిన్నటినించీ సరిగ్గా తినటం నేదు. అమ్మితే తప్పు సెప్పి అమ్మాల, అందుకే ముందే సెప్తన్నాను.”

నూకయ్య చెయ్యి తీసేశాడు. సోములు చెయ్యి ముందుకు చాచాడు. మంచి సరుకును ఇష్టమైనవాడికి దాచాలంటే రెండోవాడి ఎదుట వంక పెడతారు. సంతలో పుట్టి పెరిగినవాడికి అది తెలుసు. గార్డూ, దఫేదారూ ఒకరినొకరు ఎరుగుదురు. లావుపిల్ల నూకయ్యకు వెళ్ళబోతోందని సోములు అనుకున్నాడు.

“నాకు ఇదే ఇచ్చీండి,” అన్నాడు.

“తినటం నేదయ్యా.”

“మా ఇంటికొస్తే తింతాది.”

“మళ్ళీ సెప్తన్నాను. దానికి బాగునేదు.”

“బాగునేపోతే నానే పడతాను. ఇచ్చీండి.”

చెవి వాలినది నూకయ్యకు మిగిలింది.

---

కోర్టు మూసేశాక ఇద్దరూ ఇంటికి వచ్చారు. సోములు పిల్లను గోనెపట్టాతో సహా చేతిసంచిలో పెట్టాడు. అది కళ్ళు తెరిచి చూసింది. దేముడమ్మ సంచి అంచు సర్దింది.

“గాలి ఆడనీ. మూతి పైకి ఉంచు,” అంది.

నూకయ్య సైకిలు తొక్కాడు. సోములు వెనక కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమదాలవలస రోడ్డు మీద ధాన్యం బళ్ళు ఎదురొచ్చాయి. బండివాడు ఒకడు, “దఫేదారుబాబూ, దండాలు!” అన్నాడు. కల్లు కావడి దించుకుంటున్నవాడు చెయ్యెత్తాడు. టీ కొట్టువాడు, “ఏటి, ఇలగొచ్చినారు?” అని అడిగాడు. అందరికీ నూకయ్యే బదులు చెప్పాడు. వెనక కూర్చున్నది ఎవరని ఒక్కరూ అడగలేదు.

“ఇను బావా,” అన్నాడు నూకయ్య తొక్కుతూనే. “నువ్వేటీ మాటాడకు. నానే సెప్తాను. ఆ మూడో పిల్లని ఇప్పించీస్తాను. మా గుంటదానికీ తోడుంతాది.”

సోములు అతని వీపు చూస్తూ కూర్చున్నాడు. జరీ అంచు పట్టీ ఎండలో వేసుకున్న చోట చొక్కా రంగు వెలవలేదు. భుజం నుంచి నడుం దాకా ఏటవాలుగా ఆ మేరకు గుడ్డ ఇంకా కొత్తగానే ఉంది. సోములు చొక్కా మీద కూడా అలాంటి గీత ఉంది. ఇంకా సన్నగా.

గార్డు జ్ఞానానందం వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. మూడో పిల్ల ఆయన చెప్పు కొరుకుతోంది. ఇద్దరినీ చూసి లేచాడు.

“రా దఫేదారూ, రా. ఏటి సంగతి?”

నూకయ్య సైకిలు స్టాండు వేశాడు. “అయ్యా, మా బావ తీసుకెళ్ళిన పిల్లకి బాగునేదు. తమరు ఆయాల... తప్పు సెప్పనేదని...”

“నేనా?” గార్డు నుదురు చిట్లించాడు. “సెప్పినట్టే గుర్తు. ప్రభువు ఎదట అబద్ధమాడను, సెప్పినాననే అనుకుంటన్నాను. అయినా పెద్దోణ్ణయిపోయాను, మతిమరుపు. దఫేదారూ, నువ్వు పక్కనే ఉన్నావు. నీ మాట మీద నాకు నమ్మకం. నువ్వు సెప్పు. నేదు అన్నావంటే నేదనే. ఈ పిల్లని ఇప్పుడే ఇచ్చేస్తాను.”

ఆయన సోములు వైపు చూడలేదు. వంగి చెప్పు కొరికే పిల్లను చేతిలోకి తీసుకున్నాడు. అది కాళ్ళు ఆడించింది.

నూకయ్య గొంతు సవరించుకున్నాడు.

“సెప్పినారు,” అన్నాడు సోములు.

అది కోర్టు గుమ్మంలో పిలిచే గొంతు. పక్కింటి ఆడమనిషి బయటికి వచ్చి చూసింది.

“తప్పు సెప్పే ఇచ్చినారు. మూడుసార్లు సెప్పినారు. నానే ఇన్నేదు. ఆడి సాచ్చికం నాకక్కర్నేదు.”

“బావా!” అన్నాడు నూకయ్య.

“నువ్వూరుకో.”

గార్డు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరవాత దగ్గరికి వచ్చి సంచి నోరు విప్పాడు. లోపల చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు.

“ఇది పోయింది కదయ్యా,” అన్నాడు.

సోములు సంచి కింద పెట్టాడు. ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియదు. దారి పొడుగునా సంచి అతని ఒళ్ళోనే ఉంది. టీ కొట్టు దాటాక కాలు అదరడం ఆగింది. అతను నిద్రపోయిందనుకున్నాడు.

గార్డు పార తెచ్చాడు. బావి వెనక గొయ్యి నూకయ్య తవ్వాడు. పాతే ముందు గార్డు పిల్ల మెడలో పట్టీ విప్పి, వెంట్రుకలు దులిపి సోములు చేతిలో పెట్టాడు.

“ఉత్త సేతులతో ఎల్లకు,” అన్నాడు. “దఫేదారుకి బావవి. ఆ పిల్లని పట్టుకుపో.”

మూడో పిల్ల గొయ్యి అంచున నిలబడి మట్టి వాసన చూస్తోంది. మంచి పిల్ల. చెవులు రెండూ నిలబడ్డాయి.

“నాను దఫేదారుకి బావని కాదండి,” అన్నాడు సోములు. “ఆడే నాకు బామ్మరిది. ఆణ్ణి కోర్టులో ఎట్టింది నాను. నాకు పిల్లొద్దు.”

గార్డు నూకయ్య వైపు చూశాడు. నూకయ్య పారకు అంటిన మట్టి గీకుతున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు సోములు సైకిలు ఎక్కలేదు. నడకే ఒంటికి మంచిదన్నాడు. నూకయ్య కొంతదూరం సైకిలు నడిపించుకుంటూ పక్కన వచ్చాడు.

“నన్ను నమ్మనేదేటి బావా?”

“నమ్మినాన్రా. నువ్వు నేదనే సెప్పీసుందువు.”

 చెరువు మలుపు దగ్గర సోములు, “నువ్వెల్లిపో,” అన్నాడు. నూకయ్య సైకిలెక్కాడు.

సోములు ఇల్లు చేరేసరికి బాగా రాత్రయింది. దేముడమ్మ అతని చేతుల వైపు చూసింది. నూకయ్య ముందే చెప్పినట్టుంది.  కాళ్ళకు నీళ్ళు ఇచ్చింది.

మెట్టు మీద పొద్దుటి గిన్నె ఉంది. చెవి వాలిన పిల్ల గోడ సందులోంచి వచ్చి అందులో మూతి పెట్టింది. పాలు విరిగాయో, మిగిలాయో అది నాకేసింది. దేముడమ్మ దాన్ని అదిలించలేదు. మొగుడి వైపు చూసింది. సోములు కూడా అదిలించలేదు, పిలవనూ లేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాడు. పిల్ల వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అవతల నూకయ్య దాన్ని ముద్దుగా తిట్టడం వినిపించింది.

అతను లోపలికి వెళ్ళి బిళ్ళ పట్టీ విప్పి మేకుకు తగిలించాడు. జేబులోంచి చిన్న పట్టీ తీసి దాని పక్కనే తగిలించాడు.

మర్నాడు పొద్దున సోములు బిళ్ళ తోముకుని కోర్టుకు వెళ్ళాడు. మేకుకు చిన్న పట్టీ ఒక్కటే ఉంది. పొడిచిన రంధ్రాల్లో మొదటిది మాత్రమే సాగింది.