మూత తీసే చేతులు

"ఏమోయ్ ఇంజనీరూ, మూత తీయడం మీ కాలేజీలో నేర్పలేదా?" అంటూ మా ఆయన కుక్కర్‌ని నా చేతుల్లోంచి లాక్కుని ఒక్క తిప్పు తిప్పారు. మూత ఊడొచ్చింది. ఎందుకు రాదు! ఆ చెయ్యి నా చేతికి రెండింతలుంటుంది, పైగా లేచిన దగ్గర్నుంచి అది మోసిన బరువు ఫోనొక్కటే. "చూశావా, ఎంత తేలికో," అని మళ్ళీ ఆ ఫోన్ దగ్గరికే వెళ్ళిపోయారు. ముందుగదిలోంచి అత్తయ్య అందుకున్నారు. "మా రోజుల్లో మూత రాకపోతే కుక్కర్ని కింద పెట్టి, పిడిని కాలితో తొక్కిపట్టి, రెండు చేతులా తిప్పేవాళ్ళం. ఇంత గొడవ చేసేవాళ్ళం కాదమ్మా." ఆవిడ మణికట్టు ఇప్పటికీ సరిగ్గా తిరగదు. దాని గురించి ఆవిడ ఏనాడూ గొడవ చేయలేదు, అదీ నిజమే.

తమాషా ఏమిటంటే, దేశంలో అమ్మే కుక్కర్ ఎలా ఉండాలో నిర్ణయించే ఆఫీసులోనే నా ఉద్యోగం. ప్రభుత్వ ప్రమాణాల సంస్థ. హెల్మెట్ ఎంత దెబ్బకి ఆగాలి, నిచ్చెన ఎంత బరువుకి వంగకూడదు, స్విచ్చులో ఏ లోహం వాడాలి, ఇలా ఒక్కో రకానికి ఒక్కో కమిటీ. అందులో తయారీదార్లు, లాబ్ వాళ్ళు, ప్రొఫెసర్లు ఉంటారు, వాడుకునేవాళ్ళ తరఫున ఒకరుంటారు. ముసాయిదా రాసేది నేను. జనం అభిప్రాయాల కోసం దాన్ని బయటపెట్టేదీ, వచ్చిన ఉత్తరాలన్నీ కూర్చి మళ్ళీ కమిటీ ముందు పెట్టేదీ నేనే. వంటింటి సామాన్ల కమిటీ నాకే ఎందుకిచ్చారంటే, "ఆడవాళ్ళకైతే బాగా తెలుస్తుంది కదమ్మా" అన్నారు మా డైరెక్టరుగారు. బాగా తెలిసిన మనిషి నోరు విప్పితే వినాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఆ రోజు కమిటీ ముందున్నది కుక్కర్ ముసాయిదా. అందులో నేను పట్టుబట్టి రాసిన క్లాజు ఒకటుంది: మూత తిప్పడానికి పట్టే బలం ఇంతకి మించకూడదని, అంకెతో సహా. సరదాకి రాయలేదు. కొత్తలో బాగానే ఉండి కొన్నాళ్ళకి మూత బిగుసుకుపోతోందనీ, బలంకొద్దీ లాగితే కుక్కర్ ఒరిగి కాగే నీళ్ళు మీద పడ్డాయనీ ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. రాసినవాళ్ళంతా దాదాపు ఆడవాళ్ళే.

కుక్కర్ కంపెనీల తరఫున వచ్చే పెద్దమనిషికి మా సెక్షన్‌లో మేం పెట్టుకున్న పేరు సేఫ్టీ వాల్వు. మీటింగులో కాస్త వేడి పుడితే చాలు, బుస్సుమంటాడు. "మూత వదులు చేయమంటే ఎలాగండీ? ఆవిరి కారితే ఎవరిది పూచీ?" అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. బలం తగ్గినా ఆవిరి కారకుండా చేయొచ్చు, రబ్బరు మార్చాలి, ఖర్చవుతుంది. ఆ సంగతి చెప్పబోతుంటే ఛైర్మన్‌గారు నా వైపు తిరిగి, "అమ్మా, కాస్త టీ సంగతి చూడండి," అన్నారు. గుమ్మం పక్కనే అటెండరు నిలబడి ఉన్నాడు. పక్క గదిలో నిచ్చెనల కమిటీ నడిపే మా కొలీగ్‌ని టీ సంగతి చూడమన్నవాడు నాకు తెలిసి ఇంతవరకూ పుట్టలేదు. అయినా లేచాను. అలవాటు.

నేను తిరిగొచ్చేసరికి క్లాజు అయిపోయింది. "అంకె తీసేద్దామనుకున్నామమ్మా. 'పెద్దవాళ్ళెవరైనా ఇబ్బంది లేకుండా తీయగలగాలి' అని రాసుకోండి, చాలు," అన్నారు ఛైర్మన్‌గారు. "మా టెక్నీషియన్లు తీసి చూశారు, హాయిగా వచ్చేసింది," అన్నాడు లాబ్ అధికారి. ఆ టెక్నీషియన్లను నేనెరుగుదును. బస్తా సిమెంటు భుజానేసుకుని మెట్లెక్కే మగాళ్ళు. వాడుకునేవాళ్ళ తరఫున రావలసిన రిటైర్డ్ టీచరమ్మ కాలు విరిగి ఇంట్లో ఉంది. ఆమె కుర్చీలో ఎవరిదో బ్యాగు కూర్చుంది.

మా కమిటీల్లో ఓట్లుండవు. చివర్లో ఛైర్మన్‌గారు "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడుగుతారు. ఎవరూ పలకకపోతే ఒప్పుకున్నట్టే. సభ్యుల్లో ఒక్కరు గట్టిగా కాదంటే చాలు, ఆ క్లాజు అక్కడే ఆగిపోతుంది. ఆ రోజూ అడిగారు. నా పెన్ను దానంతటదే మినిట్స్ పుస్తకంలో "ఏకాభిప్రాయంతో" అని మొదలుపెట్టింది. ఒళ్ళు మండిపోయింది నాకు, వాళ్ళమీద కాదు, ఆ పెన్నుమీద. ఆమధ్య విదేశాల్లో ట్రైనింగుకి నా పేరొచ్చినప్పుడు మా ఆయన డైరెక్టరుగారితో ఫోన్లో "కుదరదండీ" అని చెప్పేసి, "నువ్వేం అనలేదు కదా, వద్దనుకుంటున్నావనుకున్నా" అన్నారు. నిజంగానే నేనేమీ అనలేదు. ఆ పూట చపాతీలు చేస్తున్నాను. ఇంట్లోనూ ఇదే పద్ధతి నడుస్తోందని అప్పుడు నాకెందుకు తట్టలేదో!

"నాకుంది," అన్నాను.

ఛైర్మన్‌గారు కళ్ళజోడు పైకి జరుపుకున్నారు. "సెక్రటరీకి అభ్యంతరమేంటమ్మా?"

"నేను సభ్య కార్యదర్శినండీ. కార్యదర్శినే కాదు, సభ్యురాలిని కూడా. రూల్సులో ఉంది. అంకె తీసేయడానికి నేనొప్పుకోను."

సేఫ్టీ వాల్వు నవ్వాడు. "దీనికింత రాద్ధాంతమెందుకు మేడం? మూత రాకపోతే ఇంట్లో సార్‌తో తీయించుకోండి."

నలుగురూ నవ్వారు. నేను పెన్ను కింద పెట్టాను. "సరేనండీ. ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు వంట చేయరాదు అని ఇంకో క్లాజు కలుపుతాను. మీ కంపెనీ పేరుతోనే ప్రతిపాదించమంటారా?"

ఎవరూ నవ్వలేదు. లాబ్ అధికారి కాగితాలు సర్దుకున్నాడు. ప్రొఫెసరుగారు మెల్లగా, "ఆడవాళ్ళ చేతులతో కూడా ఒకసారి కొలిపిస్తే పోలా?" అన్నారు. ఛైర్మన్‌గారు ఆయన మాట పట్టించుకోలేదు, నన్నే చూస్తున్నారు. కోపమేమీ లేదు పాపం, ఆశ్చర్యం.

"ఇన్నేళ్ళుగా ఈ గదిలోనే కూర్చుంటున్నారు కదమ్మా. ఒక్కసారైనా ఏమీ అనలేదే?"

"మీరు అభ్యంతరమా అని అడిగిన ప్రతిసారీ నేను రాసుకుంటూ ఉన్నానండీ," అన్నాను. మినిట్స్ పుస్తకాన్ని బల్లమీద జరిపి సేఫ్టీ వాల్వు ముందు పెట్టాను. పెన్ను కూడా. "ఈ పూట మీరు రాయండి. నేను మాట్లాడాలి."