రుద్దని వెంపలి

అమరావతికి మరిది వెంకటేశన్‌ను చూస్తేనే ఒళ్లు మండుతుంది. గుడియాత్తంలో లుంగీల కొట్టు పెట్టినప్పటి నుంచి ఆ మహానుభావుడికి కాలికి మట్టి అంటితే గిట్టదు. కనియంబాడిలో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఇసుక మడి గట్టు మీద చెప్పులతోనే నిలబడి, దాన్ని ప్లాట్లు వేసేవాళ్లకు అమ్మేద్దామన్నాడు. రెండేళ్లుగా వరి తాలుగా పోతున్న మాట నిజమే. కానీ భర్త పోయాక అమరావతికి ఉన్న ఆధారమల్లా ఆ మడే.

"సత్తువ లేని మడి వదినా. ఇంగ యాడ పండుతాది?" అన్నాడు.

"సత్తువ లేంది మడికా, నీ కాళ్లకా నాయనా? ఆడి నెల నాట్ల దాకా ఆగు. వెంపలి చల్లతా. మోకాలెత్తు లేస్తే పచ్చిరొట్ట ఎరువుగా బురదలో తొక్కి వరి నాటతా. లేయకుంటే నువ్వు చెప్పిన చోటికొచ్చి సంతకం పెడతా."

"కొళింజా? మేక గూడా మూతి పెట్టదే దాంట్లో!" వెంకటేశన్ పకపకా నవ్వాడు. "సరి, ఆడి దాకానే."

అరవంలో కొళింజి అనే ఈ వెంపలి ఆమెకు కొత్త కాదు. గట్ల మీద దానంతటదే పెరిగే మొండి మొక్క. చిక్కుడు పూవులో సగం కూడా లేని ఊదా పూలు పూస్తుంది. వేరు పీకాలంటే నడుం విరగాలి. అత్త సెల్లమ్మ బతికున్నప్పుడు ఏటా దాన్ని మడిలో చల్లించేది. చల్లే ముందు విత్తనాన్ని రోట్లో గరుకు ఇసుకతో కలిపి, పైతోలు మెరుపు పోయేదాకా కోడలి చేత రుద్దించేది. కాపురానికొచ్చిన ఏడు అమరావతి అరచేతులు బొబ్బలెక్కాయి. ముసలమ్మ మాత్రం అరుగు మీద వక్క నములుతూ, "ఇంగా రుద్దమ్మా, ఇంగా మెరస్తా ఉండాది" అనేది. కోడలి చేతులు ఊరికే ఉంటే చూడలేక పుట్టించిన పని అది, అంతే అని అమరావతి అప్పుడే తేల్చేసుకుంది. గట్టు మీది వెంపలికి ఎవరు రుద్దుతున్నారట? అది మొలవడం లేదా?

ఈసారి అడిగేవాళ్లు లేరు. వేసవి వానకు మడి తడవగానే మెరుస్తున్న విత్తనాన్ని మెరుస్తున్నట్టే చల్లేసింది. "చూడత్తా, రుద్దలే" అని పైకే అంది. ఇన్నేళ్ల కసి తీరినట్టయింది.

వానలు బాగానే పడ్డాయి. గరిక మొలిచింది, తుంగ మొలిచింది. వెంపలి మాత్రం బోడితల మీద వెంట్రుకల్లా అక్కడొకటి ఇక్కడొకటి లేచింది. అమరావతి వంగి మట్టి గీకి చూసింది. విత్తనం చల్లిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, చుక్క నీరు తాగలేదు. గోటితో గీరితే గోరు జారింది. అత్త రోట్లో ఎందుకు రుద్దించేదో అప్పుడర్థమైంది. ఇప్పుడు గింజగింజా ఏరి రుద్దే వీలెక్కడ? ఆడి నెల వచ్చేసింది.

వెంకటేశన్ గట్టు కూడా ఎక్కలేదు, బండి మీద నుంచే చూసి నవ్వాడు. మాట తప్పి అతని నోట పడటం కంటే మడి పోవడమే నయమనుకుంది. వేలూరు వెళ్లి సంతకం పెట్టి, అతను ఇప్పించిన కాఫీ ముట్టకుండా బస్సెక్కింది.

మడికి ఏదో గార్డెన్ అని పేరు పెట్టారు. గార్డెనట! చదును చేయడానికి నెలల తరబడి ట్రాక్టర్లూ రోలరూ తిరిగాయి. ఆ చక్రాల కింద ఇసుకలో నలిగి నలిగి విత్తనాల తోలు చిట్లింది. మరుసటి ఏడు వానలకు ప్లాటు రాళ్ల మధ్య వెంపలి మోకాళ్లు దాటి లేచింది.

ఆ ప్లాట్లు అమ్మిపెట్టే పని కూడా నెత్తికెత్తుకున్న వెంకటేశన్ ఫోన్ చేశాడు. "మడికి ఏం పెట్టినావు వదినా? అడివి మాదిరి లేసింది. పీకితే రాదు. కొనేవాళ్లు మొగం తిప్పుకొని పోతా ఉండారు."

"మేక గూడా మూతి పెట్టదంటివే, నువ్వు మేసి చూడు" అని పెట్టేసింది.

కాయలు ఎండాక అమరావతి వెళ్లి ఒడినిండా కోసుకొచ్చింది. గింజలు రాల్చి, రోట్లో ఇసుక పోసి రుద్దడానికి కూర్చుంది. చేతులు మండినా ఆపలేదు.

"ఇంగా మెరస్తా ఉండాది" అంది తనలో తనే, అచ్చం అత్త గొంతుతో.

మెరుపంతా పోయాక చెరిగి, దోసిట్లోకి తీసుకుని లేచింది. వాకిలి దాకా వచ్చాక గుర్తొచ్చింది, చల్లడానికి మడి లేదని.