ఒక ఇంటికి ఒక తాడు

సెలవులకని అత్తగారిని వెంటబెట్టుకుని కొండలెక్కడానికి వెళ్లిన కోడలు ఈ భూమ్మీద ఇంకెవరైనా ఉంటే ఆవిడకో దండం. అందులోనూ అవి మామూలు రోజులా? లోకమంతా మూతికి మాస్కు కట్టుకుని, పక్కింట్లో ఎవరైనా తుమ్మితే కిటికీలు మూసుకుంటున్న రోజులు. చుట్టూ సముద్రం, నడుమ నిట్టనిలువుగా లేచిన కొండలు, వాటి కింద నాలుగే నాలుగు చెక్క గదులు. ఇదీ వాళ్లు దిగిన ద్వీపం. పడవ దిగీ దిగగానే ముక్కులో పుల్ల పెట్టి తిప్పారు. ఫలితం వచ్చేదాకా రెండు రోజులు గది దాటొద్దన్నారు. భోజనం పళ్లేలు గుమ్మం ముందు స్టూలు మీద పెట్టి, తలుపు తట్టి, పదడుగులు వెనక్కి పరిగెత్తేవాళ్లు.

అత్తగారికి అరవై ఒకటి. వృత్తి బోర్డులు రాయడం. ఫ్లెక్సీలు వచ్చి ఊరిమీద పడ్డాక కూడా ఆవిడ చేతి అక్షరమే కావాలనే షాపులు ఊళ్లో ముప్ఫై దాకా ఉన్నాయి. నాలుగంతస్తుల గోడ మీద మనిషి నిలువంత అక్షరం రాయాలన్నా సరే, పరంజా ఎక్కి, కుంచె పట్టి, గీత గీయకుండా రాసేస్తుంది. కోడలు కాపురానికొచ్చి ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లూ పరంజా కింద నిలబడి రంగు డబ్బా తాడు పట్టుకున్నది ఆవిడే. పైనుంచి అత్తగారు 'లాగు' అంటే డబ్బా పైకి లాగాలి, 'వదులు' అంటే కిందికి వదలాలి. ఆ రెండు మాటల మీదే వాళ్ల వ్యాపారం నడిచింది.

అంతలో అత్తగారికి ఈ మాయదారి జబ్బు వచ్చింది. ఇరవై రెండు రోజులు ఆస్పత్రిలో, అందులో తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద. ఇంటికొచ్చిన రోజు గుమ్మం ముందున్న ఆరు మెట్లెక్కలేక మూడో మెట్టు మీద కూలబడి, 'ఇదేంటే, ఇల్లు ఎత్తు పెరిగిందా?' అని అడిగింది. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బాలోంచి గాలి పీలుస్తూ, ఒక బంతి లేపడానికి నెల, రెండోదానికి ఇంకో నెల పట్టింది. మూడో బంతి లేచిన రోజున పరంజా ఎక్కుతానని ఒంటికాలి మీద లేచింది.

కొడుకు ససేమిరా అన్నాడు. అతను ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పనిచేసే మనిషి. తల్లి ఎత్తు మీద నిలబడితే చూడలేడు, చిన్నప్పట్నుంచీ అంతే. ఆస్పత్రి గేటు బయట ఇరవై రెండు రోజులు నిలబడినవాడు మరి, అతన్ని మాత్రం ఏమంటాం? తల్లీ కొడుకుల మధ్య వారం రోజులు మాటల్లేవు. చివరికి ఆవిడే ఒక మెట్టు దిగింది.

"సరే, నాలుగు రోజులు కొండలెక్కించే చోటొకటి ఉందట. వెళ్తాను. ఆక్సిజన్ ఎంతుందో చూపించే ఆ వేలి మిషను మెళ్లో వేసుకునే ఎక్కుతాను. ఎక్కడైనా సరే, ఒక్కసారి తొంభై కిందికి దిగిందా, ఇక ఈ జన్మలో పరంజా పేరెత్తను. దిగలేదా, నువ్వు నోరెత్తకూడదు."

"నీ మాట నువ్వే నమ్మవు, ఇంక నేనేం నమ్మను? సాక్షి కావాలి" అన్నాడు కొడుకు.

సాక్షిగా కోడలు బయల్దేరింది. నిజం చెప్పాలంటే, మనసులో ఆవిడ మొగుడి పక్షమే. ఆస్పత్రి నుంచి అత్తగారు ఫోన్లో 'నేను బానే ఉన్నానే' అని మూడు ముక్కలుగా, మధ్యలో ఆయాసపడుతూ అన్న మాట ఆవిడ చెవుల్లోంచి ఇంకా పోలేదు. మొదటి రోజే ఆ మిషను ఎనభై తొమ్మిది చూపిస్తే హాయిగా ఇంటికెళ్లిపోవచ్చని లోలోపల అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది కూడా.

కొండలు చూపించే అమ్మాయికి ముప్ఫై ఉంటాయేమో. "నన్నందరూ మేక అంటారు, మీరూ అలాగే పిలవండి" అంది మొదటి మాటగా. మాస్కు పైన రెండు కళ్లు తప్ప ఆ పిల్ల మొహం నాలుగు రోజుల్లో వీళ్లు చూసింది లేదు. రెండు మీటర్ల దూరం తగ్గనివ్వదు. ఆ రోజుల్లో అక్కడ పెట్టిన నియమం ఒకటి చెప్పింది: ఒక ఇంటికి ఒక తాడు. బయటివాళ్ల తాడు ముట్టుకోకూడదు, బయటివాళ్లని పట్టుకోకూడదు. ఎక్కేది ఇంటి మనిషైతే కింద తాడు పట్టేదీ ఇంటి మనిషే. "నేను చూపిస్తాను, అరుస్తాను, అంతే" అంది మేక.

మొదటి రోజు అడవిలో నడక. తొంభై అయిదు. రెండో రోజు వాగు వెంట బండల మీద పాకుతూ పైకి. తొంభై మూడు. అత్తగారు పది అడుగులకోసారి ఆగేది, ముక్కుతో పీల్చేది, నోటితో వదిలేది, మళ్లీ కదిలేది. ఆగినప్పుడల్లా రాతిని చూసేది. ఊరికే చూడ్డం కాదు, చదివేది! "అదిగో, ఆ తలకట్టు చూశావా? దాన్ని పట్టుకో. ఎడం కాలు ఆ కొమ్ములో పెట్టు. పైనున్న గుడి నమ్మకు, పగిలి ఉంది." కోడలికి అంతవరకూ బండ బండలాగే కనిపించింది. అత్తగారు చెప్పాక నిజంగానే అక్కడో కొమ్ము, ఇక్కడో దీర్ఘం కనబడటం మొదలైంది. మేక కూడా వచ్చి రెండు మీటర్ల దూరంలో నిలబడి వింది. "పన్నెండేళ్లుగా ఎక్కుతున్నా ఆంటీ, ఇట్లా నాకెవరూ చెప్పలేదు" అంది.

ఔరా అనుకుంది కోడలు. ఎనిమిదేళ్లు కింద నిలబడి డబ్బాలు లాగినదానికి, పైనున్న మనిషికి ఏం కనబడుతుందో ఒక్కనాడైనా తెలిసిందా? మూడో రోజు తొంభై రెండు వచ్చింది. ఈసారి కోడలు మనసులో, దిగకూడదు దేవుడా అనుకుంది. ఎప్పుడు పార్టీ మార్చిందో ఆవిడకే తెలియదు.

నాలుగో రోజు అసలు పరీక్ష. నాలుగంతస్తుల ఎత్తున నిలువు బండ, దాని మీద శిఖరం. మేక వెనకదారిన పైకి వెళ్లి, అక్కడ పాతిన ఇనుప కడ్డీకి తాడు తగిలించి కిందికి వేసింది. ఒక కొస అత్తగారి నడుముకి. రెండో కొస కోడలి నడుముకి కట్టిన కొక్కెంలోంచి ఆవిడ చేతుల్లోకి. అత్తగారు ఒక అడుగు ఎక్కితే కోడలు ఒక మూర లాగాలి. పరంజా దగ్గర చేసే పనే కదా, డబ్బాకి బదులు అత్తగారు, అంతే తేడా!

పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టారు. గాలి బాగా ఉంది. సగం బండ దాకా అంతా సవ్యంగా సాగింది. అక్కడ అత్తగారు కాస్త పక్కకి జరిగి మళ్లీ వెనక్కొచ్చేసరికి తాడు కొంచెం జారి వేలాడింది. పైనుంచి మేక చూసింది. చూసి అరిచింది.

గాలికి సగం, మాస్కుకి సగం పోగా కోడలి చెవిన పడ్డది ఒకటే ముక్క. "...వదులు!"

ఆ పిల్ల అన్నది 'తాడు వదులు' అని. అంటే తాడు వదులుగా ఉంది, బిగించవమ్మా తల్లీ అని. కానీ కోడలి చేతులకి ఎనిమిదేళ్లుగా వదులంటే ఒకటే అర్థం. బుర్ర ఆలోచించేలోపే చేతులు రెండు బారల తాడు వదిలేశాయి.

పైన మేక గొంతు చించుకుంది. "వదులు! వదులు!"

కోడలు ఇంకో రెండు బారలు వదిలింది.

అప్పుడే అత్తగారి కుడికాలు జారింది, ఆ వెంటనే ఎడమ కాలు. కోడలు తలెత్తి చూసేసరికి ఆవిడ రెండు చేతుల వేళ్లతో బండ అంచుకి వేలాడుతోంది. కాళ్ల కింద ఏమీ లేదు. నడుముకి బిగుసుకుని ఉండాల్సిన తాడు మోకాళ్ల కింద ఊయలలా ఊగుతోంది. తనేం చేసిందో కోడలికి అప్పుడర్థమైంది. అర్థమై ఏం లాభం, చేతులు రాయిలా బిగుసుకుపోయాయి. పైనుంచి మేక ఏదో అరుస్తోంది, అదేం తలకెక్కలేదు.

అత్తగారు మెడ వంచి కిందికి చూసింది. ప్రాణం వేళ్ల చివర ఉన్న మనిషి గొంతు ఎలా ఉండాలి? ఆవిడ గొంతు మాత్రం రంగు డబ్బా అడిగినట్టే ఉంది.

"లాగవే అమ్మాయ్. లాగు. కంగారేం లేదు."

అదిగో, ఆ మాటకి చేతులు కదిలాయి. లాగింది. ఒక బార, రెండు, మూడు, నాలుగు. అరచేతులు మండిపోయాయి. తాడు బిగిసి అత్తగారి బరువు తన నడుము మీద పడ్డాక గానీ కోడలికి ఊపిరాడలేదు. అత్తగారు కాలు ఆనించింది, మోచెయ్యి ఎక్కించింది, చిన్న అరుగంత చోటు చూసుకుని ఎక్కి కూర్చుంది. కూర్చుని, మెళ్లో వేలాడుతున్న మిషను వేలికి తగిలించుకుంది.

ఎంతని చదివినా అడిగేవాళ్లు లేరు. కిందనుంచి కోడలికి కనబడదు, పైనుంచి మేకకి కనబడదు. తొంభై రెండంటే తొంభై రెండే, కాదనేదెవరు?

"ఎనభై ఎనిమిది!" అని కేకేసింది అత్తగారు.

కోడలు ఏడ్చేసింది. మాస్కు లోపల ముక్కు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు, తాడు మీద ఉందిగా.

మేక పైనుంచి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని మాట మాట విడగొట్టి అరిచింది. "ఆంటీ! నియమం లేదు ఏమీ లేదు! నా తాడు వేస్తాను! నేను పట్టుకుంటాను!"

"వద్దమ్మా" అంది అత్తగారు.

"ఆవిడ చేతులు వణుకుతున్నాయి!"

"వణకనీ. నా బరువెంతో దానికిప్పుడే తెలిసింది. ఇక చచ్చినా వదలదు."

పది నిమిషాలు కూర్చుంది. పీల్చింది, వదిలింది. "తొంభై నాలుగు" అని చెప్పి లేచింది. కోడలు కళ్లార్పకుండా చూస్తూ మూర మూర లాగింది. ఆ మిగతా సగం బండ అత్తగారు ఎక్కిన తీరు చూడాలి! తొందర లేదు, బెదురు లేదు. పెద్ద గోడ మీద అక్షరం తర్వాత అక్షరం రాసుకుంటూ పోయినట్టు, ఒక చోటు చూసి, నమ్మి, అక్కడ చెయ్యి వేసి, బరువు మోపి, తర్వాతి చోటు చూసింది. తను వదిలేసిన తాడునే నడుముకి కట్టుకుని ఇంత నిబ్బరంగా ఎక్కుతున్న మనిషి తన అత్తగారని కోడలికి గర్వంగా ఉంది, భయంగా ఉంది, చెప్పలేనంత ప్రేమగా ఉంది.

కోడలు వెనకదారిన పైకి చేరేసరికి అత్తగారు రాతి మీద కాళ్లు చాపుకుని సముద్రం చూస్తోంది. మేక రెండు మీటర్ల దూరంలో తల పట్టుకుని కూర్చుంది. "నేను బిగించమన్నానక్కా. వదులుగా ఉందన్నాను" అని మళ్లీ మళ్లీ అంటోంది.

"మా ఇంట్లో వదులంటే వదలడమేలే. తప్పు నీదీ కాదు, దానిదీ కాదు. ముందే మాట అనుకోవాల్సింది" అంది అత్తగారు. తర్వాత కోడలి అరచేతులు తిప్పి చూసి, ఎర్రగా కమిలిన చోట సీసాలో నీళ్లు పోసింది. "ఫోన్ చెయ్యి. వాడు కాచుక్కూర్చుని ఉంటాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

కోడలు స్పీకర్ పెట్టింది. మొత్తం చెప్పింది. తాడు వదిలేసింది తనేనని ముందు చెప్పింది, నంబరు తర్వాత చెప్పింది.

"అమ్మకి దెబ్బలేమైనా..." అన్నాడు కొడుకు.

"ఏం లేదురా. గోరొకటి చిట్లింది" అంది అత్తగారు. "ఎనభై ఎనిమిదంటే ఎనభై ఎనిమిదే. మాటిచ్చాను. మార్కెట్ గోడ మీద బోర్డు రాయమన్నవాళ్లు ఫోన్ చేస్తే ఇంకెవర్నైనా చూసుకోమను. నేనెక్కను."

మామూలుగానే అంది. అని, మొహం సముద్రం వైపు తిప్పుకుంది. ఇరవై రెండు రోజుల ఆస్పత్రిలో ఏడవని మనిషి. భుజాలు మాత్రం ఒక్కసారి పైకి లేచి కిందికి దిగడం కోడలు చూసింది. చూసి ఊరుకోలేకపోయింది.

"ఏమండీ, వినండి. నన్ను సాక్షిగా పంపారుగా? సాక్ష్యం ఇంకా అయిపోలేదు. ఆ నంబరు ఆవిడ ఊపిరిది కాదు, నా చేతిది. నేను తాడు వదిలేస్తే ఆవిడ చేతివేళ్ల మీద వేలాడింది. ఎవరికీ కనబడని చోట కూర్చుని, అబద్ధం చెప్పే వీలుండి కూడా, తనకి తానే ఓడిపోయే నంబరు గట్టిగా అరిచి చెప్పింది. అట్లాంటి మనిషిని ఇంట్లో కుర్చీలో కూర్చోబెడతానంటే నేనూరుకోను. సోమవారం ఆవిడ పరంజా ఎక్కుతుంది. ఎక్కించేది నేను. మీరు కాదంటే మేమిద్దరం ఇంటికే రాం, ఇక్కడే బండల మీద బోర్డులు రాసుకుని బతుకుతాం."

ఎనిమిదేళ్ల కాపురంలో మొగుడితో ఆవిడ అన్ని మాటలు ఒక్క ఊపున అనడం అదే మొదలు. మేక చప్పట్లు కొట్టబోయి ఆగింది. అవతల కొడుకు ముక్కు చీదుకున్న చప్పుడు స్పీకర్లో పెద్దగా వినబడింది.

"రండి, ఇద్దరూ రండి" అన్నాడు. "కింద నేను కూడా నిలబడతాను."

అత్తగారు మొహం ఇటు తిప్పింది. కళ్లు తుడుచుకోలేదు.

"తలెత్తి చూస్తూ నిలబడమను వాణ్ణి" అంది కోడలితో.